ఇంజను గర్భమున చెమ్మ

మోటారు బండి చరిత్ర వ్రాయువారు సాధారణముగా వేగముతో ప్రారంభించి వేగముతోనే ముగింతురు. ఏ సంవత్సరమున ఏ బండి గంటకు ఎన్ని మైళ్లు పరుగెత్తెనో, దానిని నడపినవా డెవడో మనకు వివరముగా తెలియును. ఆ ఇంజను అడుగున, ఎవరి కంటను పడని యొక పెట్టెలో, నూనెయు నీరును కలిసి జిగటగా పేరుకొనిన సంగతి మాత్రము ఆ గ్రంథములలో ఏ మూలనో ఒక పంక్తిగా నుండును. కాని ఆ జిగటను వదలించుకొనుటకై ఇంజనీర్లు పన్నిన ఉపాయమే, నలువది యేండ్లు గడచునప్పటికి, ఒక మహానగర ప్రజల ఊపిరితో ముడిపడినది. అందుచేత ఈ ప్రసంగమున మేము ఆ పెట్టెనే ఎన్నుకొంటిమి.

ముందు ఆ పెట్టె యేదియో తెలిసికొనవలెను. సిలిండరులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి మండును. ఆ మంట త్రోపుడుచే పిస్టను క్రిందికి దిగును. పిస్టను రాకపోకలను గుండ్రని తిరుగుడుగా మార్చునది క్రాంకు షాఫ్టు. ఆ షాఫ్టును, ఇంజను భాగములకు కందెనయగు నూనెను తనలో నిముడ్చుకొనిన అడుగు పెట్టెకు క్రాంకుకేసు అని పేరు. పిస్టను చుట్టును లోహపు రింగు లుండును. అవి సిలిండరు గోడ నంటిపెట్టుకొని, పై మంట క్రిందికి రాకుండను, క్రింది నూనె పైకి పోకుండను కాపలా కాయును. ఎంత నేర్పుగా చేసినను ఆ కాపలాలో సందు లేకపోదు. పైనున్న ఒత్తిడికి కొంత వాయువు రింగుల ప్రక్కగా జారి అడుగు పెట్టెలోనికి దిగును. కార్ఖానాలవారు దీనిని బ్లో-బై అందురు. క్రొత్త ఇంజనులో ఇది కొంచెము, అరిగిన ఇంజనులో హెచ్చు.

అట్లు జారిన వాయువులో ఏమున్నది? అధికభాగము కాలని పెట్రోలు ఆవిరియు గాలియు. కొంత కాలిన పొగ. దానితోబాటు నీటి ఆవిరి. పెట్రోలు కాలినచో నీరు పుట్టునన్న మాట మొదట విన్నవారు నమ్మరు. పెట్రోలులో నున్న ఉదజని, గాలిలోని ప్రాణవాయువుతో కూడినప్పుడు నీరు గాక మరేమి యగును? ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలినచో రమారమి ఒక లీటరు నీరు పుట్టును. అందులో దాదాపు అంతయు వేడి ఆవిరిగా వెనుక గొట్టముగుండ బయటికి పోవును. చలి ఉదయమున నిలిచియున్న కారు గొట్టమునుండి చుక్కలు రాలుట చూచినవారికి ఈ మాట వింతగా తోపదు. వెనుకకు పోక అడుగునకు జారిన కొలదిపాటి ఆవిరితోనే చిక్కంతయు.

అన్నపు గిన్నెపై మూతపెట్టి కొంతసే పుంచి తీసిన గృహిణికి, ఆ మూత లోపల ముత్యములవలె నిలిచిన నీటిబొట్లు తెలియనివి కావు. ఇంజను చల్లగా నున్నంతసేపు క్రాంకుకేసు గోడలు ఆ మూతవంటివే. ఆవిరి వాటిని తాకి నీరై నూనెలోనికి కారును. నూనెయు నీరును కలియవని లోకోక్తి. కాని నిమిషమునకు రెండు మూడు వేలసార్లు తిరుగు కవ్వము ముందర ఆ లోకోక్తి నిలువదు. క్రాంకు షాఫ్టు ఆ రెంటిని చిలికి, మజ్జిగవలె తెల్లనై, వెన్నవలె చిక్కనైన పదార్థముగా మార్చును. దానికి మసి, దుమ్ము, ఇంధనములోని గంధకమువలన పుట్టిన ఆమ్లము తోడగును. కొన్నాళ్లకది నల్లని మడ్డియై నూనె పంపు జల్లెడను కప్పివేయును. నూనె అందని బేరింగులు అరిగిపోవును. ఇంజను చాలసేపు నడచి బాగుగా వేడెక్కినచో చెమ్మ మరల ఆవిరియై పోవును. కాబట్టియే గుంటూరునుండి హైదరాబాదునకు ఒక్క ఊపున పోవు లారీకంటె, పట్టణములో ఇంటింటికి ఆగి రోగులను చూచు వైద్యుని కారున కీ జబ్బు త్వరగా పట్టును. తక్కువ తిరిగిన బండి తక్కువ చెడునన్న నమ్మకము మనలో చాలమందికి కలదు. ఈ విషయమున అది తలక్రిందులు.

మొట్టమొదటి మోటారు బండికి ఈ బాధ లేదు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో క్రాంకు బయటికే కనబడుచుండెను. పెట్టెయే లేదు గనుక పెట్టెలో చెమ్మయు లేదు. అదే దేశములో గాట్లీబ్ డైమ్లరు, విల్హెల్మ్ మేబాక్ 1885లో నిర్మించిన నిలువుటింజనులో క్రాంకును మూసిన పెట్టెలో నుంచిరి. దుమ్మునుండి రక్షణ కలిగినది, నూనె బయట చిందుట తగ్గినది, ఇంజను వేగముగా తిరుగగలిగినది. తరువాతి ఇంజనులన్నియు ఆ మార్గమునే పట్టినవి. ఆ దినములలో నూనె ఎక్కువకాలము పెట్టెలో నిలిచెడిది కాదు. చుక్కచుక్కగా పోయగా కొంత కాలిపోయి, కొంత కారిపోయి, మరల క్రొత్తది పోయవలసి వచ్చుచుండెను. చెడుటకు నూనెకు వ్యవధియే లేదనవచ్చును. పంపుద్వారా అదే నూనెను మరల మరల త్రిప్పు పద్ధతి వచ్చిన తరువాత, మూతబడిన కార్లను అమెరికావారు చలికాలమునందును నడుపసాగిన తరువాత, మడ్డి సమస్య తల యెత్తినది.

1920లలో అమెరికా ఇంజనీర్లు దానికి చేసిన చికిత్స చాల సులభమైనది. క్రాంకుకేసునుండి ఒక గొట్టమును తీసి, బండి అడుగున నేలవైపునకు వదలిరి. దాని కొనను ఏటవాలుగా కోసిరి. బండి పరుగెత్తునప్పుడు క్రిందుగా పోవు గాలి ఆ కొనవద్ద పీల్పును కలిగించి, పెట్టెలోని ఆవిరులను బయటికి లాగును. నూనె పోయు మూతకు తీగజాలి నమర్చి, అందుగుండ శుభ్రమైన గాలి లోనికి వచ్చునట్లు చేసిరి. కదలు భాగ మొక్కటియు లేదు, ఖర్చు లేదు, చెడుటకేమియు లేదు. ఇంజను దృష్టితో చూచిన ఇంత చక్కని యుపాయము అరుదు. దాదాపు నలువది సంవత్సరములు ప్రపంచమునందలి కార్లలో అధికభాగము ఈ గొట్టముతోనే ఊపిరి విడిచినవి.

లోపములు లేకపోలేదు. బండి నిలిచియున్నపుడును, మెల్లగా పోవునపుడును గాలి పీల్పు ఉండదు. అనగా చెమ్మ హెచ్చుగా చేరు సమయముననే చికిత్స పనిచేయదు. గొట్టమునుండి జారిన నూనె తుంపరలు అమెరికా రహదారులపై బండ్ల వరుస నడుమ నల్లని చారలుగా మిగిలెను. వాన చినుకులు పడగానే ఆ చారపై చక్రములు జారుచుండెను. అయినను చార కంటికి కనబడునది. కంటికి కనబడక గాలిలో కలిసిన దానిని లెక్కించినవారు ఆనాడు లేరు.

నడుమ రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. టాంకులును, సైన్యపు బండ్లును నదులను, లోతునీటిని దాటవలసి వచ్చెను. నేలవైపు నోరు తెరచిన గొట్టము నీటిలో మునిగినచో ఆ నీరు సరాసరి ఇంజను కడుపులోనికే పోవును. కావున ఆ గొట్టమును తీసివేసి, క్రాంకుకేసు ఆవిరులను ఇంజనే తిరిగి పీల్చుకొనునట్లు, గాలి లోనికి పోవు మార్గమునకు కలిపిరి. యుద్ధానంతరము మన దేశమున కొండదారులను, పొలముగట్లను కూడ ఎక్కిన అమెరికా జీపులలో ఇటువంటి యేర్పాటు కలదు. బయటికి వదలక లోననే కాల్చుట సాధ్యమని ఆ విధముగా 1940లలోనే తేలినది. కాని యుద్ధము ముగియగానే సామాన్యజనుల కార్లకు మరల పాత గొట్టమే అమర్చిరి.

ఇక కథ కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ నగరమునకు మరలును. ఆ నగరము ఒకవైపు పసిఫిక్ సముద్రము, తక్కిన వైపుల కొండలు గల పళ్లెరమువంటి ప్రదేశము. పైన వెచ్చని గాలిపొర మూతవలె కప్పుకొనినపుడు క్రింది గాలి కదలదు. 1943 జూలై 26వ తేదీన ఆ నగరమును ఒక ఘాటైన పొగ ఆవరించెను. కండ్లు మండినవి, గొంతులు బొంగురుపోయినవి, కొలది దూరములోని భవనములు కనబడలేదు. యుద్ధకాల మగుటచే జపానువారు విషవాయువును ప్రయోగించిరేమోయని కొందరు భయపడిరి. తరువాత నిందను కృత్రిమ రబ్బరునకు కావలసిన పదార్థమును చేయు ఒక కార్ఖానాపై మోపిరి. దానిని మూయించినను పొగ పోలేదు. చమురు శుద్ధి కార్ఖానాలననిరి. ఇంటి పెరళ్లలో చెత్త కాల్చు కుంపట్లననిరి. ఆ కుంపట్లను 1957లో నిషేధించిరి కూడ. ఎవరికి వారు దోషమును పొరుగువానియందు వెదకిరేకాని, తమ వాకిట నిలిచియున్న కారువంక చూడలేదు.

చూచినవాడు ఒక రసాయనశాస్త్రజ్ఞుడు. ఆరీ హాగెన్-స్మిట్ 1900లో హాలండు దేశమున జన్మించి, అమెరికాకు వలసవచ్చి, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండెను. ఆయన వృత్తి పొగతో కాదు, పరిమళముతో. అనాసపండు వాసనకు కారణమేమని ఆయన పరిశోధించుచుండెను. పండునుండి వెలువడు ఆవిరులను మిక్కిలి చల్లని పాత్రలగుండ పోనిచ్చి, ద్రవముగా గడ్డకట్టించి, పరీక్షించుట ఆయన పద్ధతి. అదే పరికరములలో అనాస ఆవిరికి బదులు ఊరిగాలిని పోనిచ్చినప్పుడు, గోధుమవన్నెతో దుర్గంధము గల కొంచెము ద్రవము చిక్కినది. 1950 మొదలు రెండు మూడేండ్లలో ఆయన తేల్చిన దేమనగా: పెట్రోలునుండి పుట్టు ఉదకర్బన ఆవిరులును, నత్రజని ఆక్సైడులును ఎండ వెలుతురులో కలిసి ఓజోనును, కండ్లు మండించు ఇతర పదార్థములను పుట్టించును. పాలకూర వంటి ఆకుకూరలు పొలములో మచ్చలుపడి ఎండుటకును, రబ్బరు పగుళ్లువారుటకును అదియే కారణము. వంచిన రబ్బరు ముక్క ఎంతసేపటికి పగులునో చూచి గాలిలోని ఓజోనును అంచనా కట్టినాడాయన. ఇంత చవుకయైన కొలమానమును కనిపెట్టిన ఆయన యెడ మాకు ప్రత్యేకమైన గౌరవము. చమురు పరిశ్రమవారి ధనముతో నడచిన యొక పరిశోధనసంస్థ ఆయన సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. ఆ పరిహాసమే ఆయనను అనాసపండును విడిచి పొగకు అంకితము చేసెనని చెప్పుదురు.

లాస్ ఏంజిలిస్ జిల్లా పాలకవర్గములో కెన్నెత్ హాన్ అను సభ్యుడు 1953లో ఫోర్డు కంపెనీ అధ్యక్షునికి లేఖ వ్రాసెను. మీ కార్లనుండి వచ్చు ఆవిరుల విషయమున ఏమి పరిశోధన చేయుచున్నారని ఆయన ప్రశ్న. ఆ ఆవిరులు గాలిలో వెంటనే చెదరిపోవును గనుక అవి సమస్య కావని వచ్చిన సమాధానము. ఆయన ఊరకుండలేదు, పెద్ద కంపెనీలన్నిటికి ఏండ్ల తరబడి వ్రాయుచునే యుండెను. అటు 1955లో కంపెనీలు, పొగ నివారణ సాధనములను కలిసి పరిశోధించుకొని, పేటెంట్లను పరస్పరము పంచుకొను నట్లు ఒప్పందము చేసికొనెను. వినుటకు ఔదార్యమువలె నుండును. ఒక్కడు ముందడుగు వేసినచో తక్కిన వారందరును వేయవలసివచ్చును గనుక, ఎవ్వరును వేయకుండుటకే ఆ ఒప్పందము తోడ్పడెనని తరువాత ప్రభుత్వమువారు ఆరోపించిరి.

అంతవరకు అందరి దృష్టియు వెనుక గొట్టముమీదనే యుండెను. 1950ల చివర జరిగిన కొలతలలో ఒక వింత బయటపడెను. కారునుండి వెలువడు ఉదకర్బనములలో సుమారు అయిదవ వంతు, ఒక్కొక్క లెక్కలో నాలుగవ వంతు, వెనుక గొట్టమునుండి కాక క్రాంకుకేసు గొట్టమునుండి వచ్చుచున్నది. ఇంజను ఆరోగ్యమునకై చెమ్మను బయటికి పంపిన ఆ చిన్న గొట్టము, చెమ్మతోబాటు కాలని పెట్రోలును కూడ నగరముమీదికి వదలుచుండెను. అన్నిటికంటె సులభముగా మూయదగిన రంధ్రమిది. మూయు సాధనము యుద్ధకాలమునుండియు తెలిసినదే. 1959 డిసెంబరులో కార్ల తయారీదారుల సంఘము, 1961 నమూనా కార్లతో మొదలుపెట్టి కాలిఫోర్నియాలో ఆ సాధనము నమర్తుమని ప్రకటించెను. 1961లో ఆ రాష్ట్రము దీనిని విధిగా చేసెను; 1963 నమూనా కార్లకు అది వర్తించెను. అదే సంవత్సరము తక్కిన దేశములోని క్రొత్త కార్లకును వచ్చెను. 1968 నమూనా కార్లనుండి, క్రాంకుకేసు ఆవిరి యేమాత్రమును బయటికి పోరాదని అమెరికా కేంద్రప్రభుత్వ ప్రమాణము. 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ ఆ సంఘముమీదను, నాలుగు పెద్ద కంపెనీలమీదను, 1953నుండి కుట్రగా జాప్యము చేసిరని అభియోగము తెచ్చెను. ఆ సంవత్సరమే రాజీ కుదిరి, విచారణ జరుగకయే అది ముగిసెను. కొలది డాలర్ల వస్తువునకై ఎన్ని యేండ్లు గడచెనో, అన్నియేండ్లు పిల్లలు ఆ గాలినే పీల్చిరి. దీనిని వట్టి మందకొడితనమని సరిపెట్టుకొనుటకు మాకు మనసొప్పదు.

ఆ సాధనము పేరు పి.సి.వి. వాల్వు. చిటికెనవ్రేలంత గొట్టములో ఒక స్ప్రింగు, ఒక చిన్న ముచ్చె. ఇంజను ఊరక తిరుగునపుడు పీల్పు హెచ్చు. అపుడది ముచ్చెను లాగి దారిని ఇరుకుచేయును. కొంచెము ఆవిరియే పోవును. బరువు లాగునపుడు పీల్పు తగ్గును, స్ప్రింగు ముచ్చెను త్రోసి దారిని వెడల్పు చేయును. అప్పుడే బ్లో-బై కూడ హెచ్చు గనుక సరిపోవును. ఒకవేళ మంట వెనుకకు తన్నినచో ముచ్చె దారిని పూర్తిగా మూసివేసి, క్రాంకుకేసు పేలకుండ కాపాడును. బండి నిలిచియున్నను ఇది పనిచేయును గనుక చెమ్మకు పాత గొట్టముకంటె మేలైన మందు. అయితే దీనినిగూడ మడ్డి పట్టును. వాల్వు బిగిసిపోయినచో ఆవిరికి దారి లేక నూనె త్వరగా పాడగును, సీళ్లగుండ కారును. మడ్డిని ముద్దకట్టనీయక నూనెలోనే చెదరగొట్టి యుంచు మందులను 1950లనుండి ఇంజను నూనెలో కలుపసాగుటవలన ఈ బాధ చాలవరకు తగ్గినది.

ఇంజను తన ఆవిరిని తానే పీల్చుకొనవలసి వచ్చినప్పుడు క్రొత్త చిక్కొకటి పుట్టినది. ఆవిరితో నూనె తుంపరలును, చెమ్మయు గాలి మార్గములోనికి చేరును. దానిని దారిలోనే పట్టి యుంచుటకు కొందరు బండ్ల యజమానులు ఒక డబ్బా నమర్తురు. మెకానిక్కులు దీనిని క్యాచ్ కాన్ అందురు. ఇది నిజమునకు మోటారు పందెములనుండి వచ్చినది. పందెపు దారిలో ఒక్క బండినుండి నూనె కారినను, వెనుకవచ్చు బండ్లు జారి ప్రాణములకే ముప్పు. కావున బయటికి తెరచిన గొట్టము గల పందెపు కారులో ఆ నూనె ఒక డబ్బాలో పడవలెనని అంతర్జాతీయ నిబంధన. 2000 ఘన సెంటీమీటర్లలోపు ఇంజనునకు 2 లీటర్లు, అంతకు మించినదానికి 3 లీటర్లు పట్టవలెను. లోపలి మట్టము కనబడునట్లు పారదర్శకమైన భాగ ముండవలెను.

ఇంటి కార్లకు ఆ డబ్బాతో పని కలిగించినది మరొక మార్పు. పూర్వము పెట్రోలు గాలితో కలిసి కవాటముల వెనుకభాగమును తడుపుచు లోనికి పోవుచుండెను. ఆ తడి వాటిని కడుగుచుండెను. పెట్రోలును నేరుగా సిలిండరులోనికే చిమ్ము పద్ధతి 1954లో మెర్సిడెస్ వారి 300 ఎస్.ఎల్. కారులో కనబడినను, సామాన్యమైన కార్లలోనికి 1996లో మిత్సుబిషివారి ఇంజనుతో ప్రవేశించి, తరువాతి కాలమున బహుళముగా వ్యాపించెను. ఇందులో కవాటములకు పెట్రోలు స్నానము లేదు. క్రాంకుకేసునుండి వచ్చిన నూనె తుంపర వాటి వెనుక అంటి, కాలి, పెనము అడుగున మాడిన అట్టువలె గట్టిపడును. డబ్బాలో తీగపీచో అడ్డుపలకలో ఉండును. ఆవిరి వాటికి కొట్టుకొని, చల్లబడి, బరువైనది అడుగున పడును. తేలికయైనది ఇంజనునకు పోవును. హాగెన్-స్మిట్ చల్లని పాత్రలు చేసిన పనికి దీనికి పెద్ద భేదము లేదు.

డబ్బాను విప్పినవారు చాలమంది అందులో నూనెకంటె నీరే హెచ్చుగా చూచి బెదరుదురు. చలిదేశములలో, చిన్న ప్రయాణముల బండిలో, అది సహజము. మజ్జిగవన్నె ద్రవముపై పెట్రోలు వాసన యుండును. గడ్డకట్టు చలిలో ఆ నీరు మంచై గొట్టమును మూసివేయుట కూడ కలదు. అందుచే అచ్చట శీతకాలమున తరచుగా ఖాళీ చేయుదురు. మన యెండలలో నీరు తక్కువ, నూనె యెక్కువ. వానకాలమున ఊరిలోనే తిరుగు బండికి మాత్రము కొంత చెమ్మ చేరును. కొందరు డబ్బానుండి ఇంజనునకు పోవు గొట్టమును తీసివేసి, ఆవిరిని గాలిలోనికే వదలుదురు. అది 1920లనాటి గొట్టమునకు మరల పోవుటయే. పలుదేశముల చట్టము దానిని ఒప్పదు.

డబ్బాలో పడిన నూనె చూచుటకు మంచిదిగానే యుండవచ్చును. దానిని తిరిగి ఇంజనులో పోయరాదు. అందు నీరు, పెట్రోలు, ఆమ్లము కలిసియున్నవి. మురుగు కాలువలోనను పోయరాదు. పాతనూనె తీసికొను కార్ఖానాకు ఇయ్యవలెను. డబ్బాలోని నీటికి తియ్యని వాసన యుండి, రేడియేటరులో నీటిమట్టము తగ్గుచున్నచో, అది మంటవలన పుట్టిన చెమ్మ కాదు. సిలిండరు తల క్రింది గాస్కెట్టు చెడి, చల్లబరచు నీరు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. అప్పుడు బండిని నిలిపి మెకానిక్కునకు చూపవలసినదే.